పర్లాకిమిడి పిల్లల తైక్వాండో శిక్షణ: 2024-25 జమా ఖర్చుల వివరణ

ఒడిశాలోని పర్లాకిమిడిలో మన పిల్లలకు తైక్వాండో (తన్నులు ప్రధానంగా ఉండే కొరియా పోరాట విద్య) నేర్పించడానికి, వారిని పోటీలకు పంపడానికి 2024 ఏప్రిల్ 1 నుండి 2025 మార్చి 31 వరకు వసూలైన సొమ్మును, అందులోంచి అయిన ఖర్చును, ఇప్పుడున్న నిల్వను పద్దుల వారీగా శిక్షణ కమిటీ తరఫున ఇక్కడ తెలియజేస్తున్నాం. ఇచ్చింది పది రూపాయలైనా పదివేలైనా లెక్క అడిగే హక్కు అందరికీ సమానమే కనుక, దాతలు అడిగిన ప్రశ్నలకు సమాధానాలు కూడా ఆయా పద్దుల దగ్గరే రాశాం.

సంవత్సరం మొదట్లో జరిగిన సమావేశంలో ఖర్చుకు ఒక వరుస నిర్ణయించుకున్నాం. పిల్లల ఒంటికి తగిలే దెబ్బను తగ్గించే వస్తువులు ముందు, నేర్పేవారి గౌరవ వేతనం తరువాత, పోటీల ప్రయాణాలు ఆ తరువాత. సన్మానాలకు, ఫ్లెక్సీలకు, జ్ఞాపికలకు ఈ నిధి నుండి ఒక్క రూపాయి కూడా తీయకూడదని అదే సమావేశంలో తీర్మానించాం. కింది లెక్కలను ఈ వరుసను బట్టి చూడవలసిందిగా కోరుతున్నాం.

ముందుగా జమ. కిందటి సంవత్సరం నుండి వచ్చిన ప్రారంభ నిల్వ రూ. 11,460. శిక్షణలో ఉన్న 41 మంది పిల్లల్లో 29 మంది నెలకు రూ. 200 చందా ఇవ్వవలసినవారు. ఎండలకు మే నెలలో శిక్షణ ఆపేశాం కాబట్టి 11 నెలలకు రూ. 63,800 రావాలి, వచ్చింది రూ. 59,400. రాని రూ. 4,400లో ఎక్కువ భాగం వరి కోతలకు ముందు నెలలది. ఆ కుటుంబాల చేతిలో డబ్బు ఆడని కాలమది కనుక, బాకీ ఉందన్న కారణంతో ఏ పిల్లనూ పిల్లవాణ్ణీ సాధనకు రావద్దని అనలేదు. మిగిలిన 12 మందికి చందా పూర్తిగా మినహాయించాం. వీరిలో కొందరు సవర గ్రామాల నుండి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నవారు, కొందరి తండ్రులు కూలి పనులకు వలస వెళ్ళినవారు. ఆ పేర్లు ప్రకటించాలని ఒకరిద్దరు అడిగారు. అవి కమిటీ పుస్తకంలో ఉన్నాయి, కాని బయట ప్రకటించం. తోటిపిల్లల మధ్య ఎవరూ తలవంచుకోవలసిన పరిస్థితి రాకూడదు.

పట్టణంలోని వ్యాపారులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఇచ్చిన విరాళాలు రూ. 68,500. పాతపట్నం, కాశీనగర్, గుణుపూరు వైపు నుండి వచ్చినవి రూ. 27,300. విశాఖపట్నం, హైదరాబాద్, సూరత్, బెంగళూరుల్లో పనులు చేసుకుంటున్న మన ఊరివాళ్ళు ఫోన్ ద్వారా పంపినవి రూ. 46,250. రథయాత్ర రోజుల్లో పిల్లలు పూమ్సేలు (ఒక వరుసలో చేసే నిర్ణీత కదలికలు), పలకలు పగలగొట్టడం ప్రదర్శించినప్పుడు హుండీలో పడినవి రూ. 9,840, ఆ హుండీని ఆ సాయంత్రమే ముగ్గురి ఎదుట లెక్కించి సంతకాలు తీసుకున్నాం. బ్యాంకు వడ్డీ రూ. 612. ప్రారంభ నిల్వతో కలిపి మొత్తం జమ అక్షరాలా రెండు లక్షల ఇరవై మూడు వేల మూడు వందల అరవై రెండు రూపాయలు (రూ. 2,23,362). ఈ ఏడాది ప్రభుత్వం నుండి గాని, ఏ క్రీడా సంఘం నుండి గాని సొమ్ము అందలేదు.

ఖర్చుల్లో అన్నిటికంటే పెద్ద పద్దు మ్యాట్లది. మనకు అద్దె లేకుండా దొరికిన పాత ధాన్యం గోదాములో నేల సిమెంటుది. ఇంతకాలం దానిమీద జంపఖానాలు పరిచి సాధన చేయించేవారు. తైక్వాండోలో ఒక కాలు గాలిలో ఉన్నప్పుడు ఒంటి బరువంతా రెండో పాదం మీద తిరుగుతుంది. ఆ పాదం కింద జంపఖానా జారితే మోకాలు మెలిపడుతుంది, వెనక్కి పడితే తల నేరుగా సిమెంటుకు తగులుతుంది. అందుకని 25 మిల్లీమీటర్ల మందం గల, ఒకదానిలో ఒకటి బిగుసుకునే మీటరు చదరపు మ్యాట్లు 64, ఒక్కొక్కటి రూ. 850 చొప్పున రూ. 54,400కు కొన్నాం. ముగ్గురు అమ్మకందారుల ధరలు పోల్చి మీరట్ నుండి తెప్పించాం. లారీ పార్శిలుకు, దాన్ని గోదాముకు చేర్చడానికి రూ. 3,150 అయింది. ఈ పద్దు మొత్తం రూ. 57,550. ఇంతకంటే తక్కువ కొని ఉంటే సరిపోయేది కదా అన్న ప్రశ్న వచ్చింది. పోటీ జరిగే స్థలం ఎనిమిది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు ఉంటుంది. గీత దాటితే ప్రత్యర్థికి ఒక పాయింటు వస్తుంది కనుక, ఎనిమిది మీటర్ల కొలత పాదాలకు అలవాటు కాని పిల్లలు పోటీలో గీత దగ్గరే ఓడిపోతారు. 64 మ్యాట్లు సరిగ్గా ఆ స్థలానికే చాలాయి. చుట్టూ ఉండవలసిన భద్రతా భాగానికి పాత జంపఖానాలనే మడతలు వేసి, జారకుండా అంచులు కట్టి వాడుతున్నాం.

రక్షణ కవచాలకు రూ. 35,930 ఖర్చయింది. ఛాతీ కవచాలు ఎర్రవి ఐదు, నీలివి ఐదు, ఒక్కొక్కటి రూ. 1,050 చొప్పున రూ. 10,500. తల కవచాలు పది, రూ. 950 చొప్పున రూ. 9,500. పిక్కలకు, ముంజేతులకు కట్టుకునేవి 12 జతలు, రూ. 640 చొప్పున రూ. 7,680. దోబోక్ (తైక్వాండో దుస్తులు) లోపల ధరించే గజ్జ రక్షణలు మగపిల్లలకు ఆరు, ఆడపిల్లలకు ఆరు, రూ. 380 చొప్పున రూ. 4,560. వీటిని పిల్లలు వంతులవారీగా వాడుకుంటారు. వాడిన ప్రతిసారీ తుడిచి ఎండలో ఆరబెట్టే బాధ్యత పెద్ద పిల్లలు తీసుకున్నారు. పళ్ళ రక్షణ మాత్రం వంతుల మీద నడిచేది కాదు. వేడినీళ్ళలో మెత్తబరచి ఎవరి నోటికి వారు కరిచి ఆకారం తెచ్చుకోవలసిన వస్తువది, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. అందువల్ల 41 మందికీ విడివిడిగా రూ. 90 చొప్పున రూ. 3,690కి కొన్నాం. రంగులవి చవకగా దొరికినా, పోటీ నిబంధనల ప్రకారం తెల్లవి లేదా పారదర్శకమైనవే చెల్లుతాయి కనుక పారదర్శకమైనవే తీసుకున్నాం.

ఎక్కువమంది అభ్యంతరం తెలిపింది సెన్సర్ సాక్స్ మీద. నాలుగు జతలకు, జత రూ. 3,200 చొప్పున, రూ. 12,800 పెట్టాం. కాలి మేజోళ్ళకు అంత డబ్బా అన్నది సహజమైన ప్రశ్నే. 2012 లండన్ ఒలింపిక్స్ నుండి ఛాతీ కవచం మీద పడిన తన్నును మనుషుల కన్ను కాక ఎలక్ట్రానిక్ కవచమే లెక్కిస్తోంది. 2016 రియోలో తల కవచానికీ అదే పద్ధతి వచ్చింది. గుద్దుకు 1, ఛాతీ కవచంపై తన్నుకు 2, తలపై తన్నుకు 3 పాయింట్లుంటే, గుద్దును మూలల్లో కూర్చున్న జడ్జీలు నిర్ణయిస్తారు. తన్ను మాత్రం సాక్స్‌లోని సెన్సర్ కవచంలోని సెన్సర్‌కు సరైన చోట, చాలినంత బలంతో తగిలితేనే బోర్డు మీద పడుతుంది. మామూలు కవచం మీద చప్పుడు వచ్చేలా తన్నడం నేర్చిన పిల్లలు అసలు పోటీలో ఎన్ని తన్నులు తన్నినా అంకె కదలకపోవడం చూసి కంగారు పడతారు. పాదంలో సెన్సర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, పాదాన్ని ఏ కోణంలో ఆనించాలో తెలియాలంటే ఆ సాక్స్ వేసుకుని సాధన చేయాలి. పూర్తి ఎలక్ట్రానిక్ కవచాల సెట్టు లక్షల్లో ఉంటుంది, అది మన స్తోమతకు మించినది. పైగా ఒక కంపెనీ సాక్స్ ఇంకో కంపెనీ కవచంతో పనిచేయవు: డేడో సాక్స్ కెపిఎన్‌పి కవచంతో గాని, కెపిఎన్‌పి సాక్స్ డేడో కవచంతో గాని పనిచేయవు. రాష్ట్ర పోటీల్లో ఏ కంపెనీ కవచాలు వాడతారో ముందుగా విచారించి, వాటికి సరిపోయేవే నాలుగు కొలతల్లో కొన్నాం. పోటీకి వెళ్ళిన పిల్లలు వాటినే మార్చుకుని వేసుకున్నారు. అడిగినవారికి మా జవాబు ఒకటే: ఇది ఆడంబరం కాదు, ఆట నియమాల్లో భాగం.

తన్నులు సాధన చేసే ప్యాడ్లు 12, రూ. 420 చొప్పున రూ. 5,040. చందా మినహాయించిన 12 మందికి దోబోక్‌లు, రూ. 950 చొప్పున రూ. 11,400, మిగతావారు ఎవరివి వారే కొనుక్కున్నారు. గోదాము కరెంటుకు, శుభ్రతకు నెలకు రూ. 400 చొప్పున 11 నెలలకు రూ. 4,400.

కోచ్‌గారికి నెలకు రూ. 3,000 చొప్పున రూ. 33,000, సహాయ శిక్షకురాలికి నెలకు రూ. 1,000 చొప్పున రూ. 11,000, కలిపి రూ. 44,000 గౌరవ వేతనంగా ఇచ్చాం. సహాయ శిక్షకురాలి గురించి ఒక మాట విడిగా చెప్పాలి. 41 మందిలో 17 మంది ఆడపిల్లలు. కవచం బిగించడం, లోపలి రక్షణ ఎలా ధరించాలో చూపడం, నెలసరి రోజుల్లో ఎంతవరకు శ్రమపడాలో మాట్లాడడం ఒక ఆడమనిషి దగ్గరుంటేనే సాగుతాయి. ఆమె వచ్చాక పదో తరగతి ఆడపిల్లలు కూడా మానకుండా వస్తున్నారు. ఆమె పనికి వెయ్యి రూపాయలు తగిన మొత్తం కాదని కమిటీ ఏకగ్రీవంగా భావిస్తోంది. రాబోయే ఏడాది చందాలు పెరిగితే మొదట పెంచవలసింది ఇదే.

బరువు తూచే డిజిటల్ యంత్రానికి రూ. 1,750 అయింది. తైక్వాండోలో వయసుతో పాటు బరువును బట్టి విభాగాలుంటాయి. ఉదాహరణకు 15 నుండి 17 ఏళ్ళ ఆడపిల్లల్లో 42 కిలోల లోపు ఒక విభాగం, 42 నుండి 44 దాకా మరొకటి. పోటీకి ముందురోజు తూచేటప్పుడు అరకిలో ఎక్కువుందని తెలిసి పిల్లలు అన్నం, నీళ్ళు మానేయడం ప్రమాదకరం. ఇక్కడే వారం వారం తూస్తుంటే ఎవరు ఏ విభాగంలో ఆడాలో నెలల ముందే తేలుతుంది, ఎవరూ పస్తుండనక్కరలేదు.

పోటీలకు మొత్తం రూ. 35,360 ఖర్చయింది. పర్లాకిమిడిలోనే జరిగిన జిల్లా ఎంపికలకు 14 మంది పేర్లు ఇచ్చి ఒక్కొక్కరికి రూ. 300 చొప్పున రూ. 4,200 కట్టాం. వారిలో తొమ్మిది మంది కటక్‌లో జరిగిన రాష్ట్రస్థాయి పోటీలకు ఎంపికయ్యారు. వెంట కోచ్‌గారు, ఒక పిల్ల తల్లి వెళ్ళారు. ఈ 11 మందికి పలాస వరకు వ్యాను రానుపోను రూ. 2,800, పలాస నుండి కటక్‌కు స్లీపర్ టిక్కెట్లు రానుపోను రూ. 5,170, మూడు గదులు రెండు రాత్రులకు రూ. 5,400, మూడు రోజుల భోజనం రూ. 7,920, కటక్‌లో ఆటోలు రూ. 1,650. తొమ్మిది మంది ప్రవేశ రుసుము రూ. 7,200. ఈ ప్రయాణానికి అయింది రూ. 30,140.

తొమ్మిది మందిలో నలుగురు మొదటి పోటీలో, ముగ్గురు రెండో పోటీలో ఓడారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి సెమీఫైనల్ దాకా వెళ్ళి కాంస్య పతకాలు తెచ్చారు. ఈ ఆటలో సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. ఆ అమ్మాయి ఒక పోటీలో మొదటి రౌండు చాలా తేడాతో పోగొట్టుకుంది. 2022 నుండి అమలైన పద్ధతిలో రౌండు రౌండుకూ పాయింట్లు సున్నాతో మొదలవుతాయి, మూడింట రెండు రౌండ్లు గెలిచినవారే విజేత. ఆమె తరువాతి రెండు రౌండ్లూ గెలిచింది. మొదటి పోటీలోనే ఓడిన పిల్లల మీద పెట్టిన డబ్బు వృథా అని మేము అనుకోవడం లేదు. మన గోదాములో ఎంత సాధన చేసినా ఎదురుపడేది తెలిసిన తోటివారే. తెలియని ప్రత్యర్థి ముందు నిలబడడం అక్కడికి వెళ్తేనే వస్తుంది.

పాతపట్నం నుండి నది దాటి, రాష్ట్రం దాటి వచ్చి మన దగ్గర నేర్చుకునే పిల్లలు ఆంధ్రప్రదేశ్ తరఫునే ఆడాలి. వారిలో ఇద్దరు శ్రీకాకుళంలో జరిగిన ఎంపికలకు వెళ్ళగా, రుసుము రూ. 600, కోచ్‌గారితో కలిపి ముగ్గురి బస్సు ఛార్జీలు రూ. 420 ఈ నిధి నుండే ఇచ్చాం. ఒడిశాలో వసూలైన డబ్బు ఆంధ్ర తరఫున ఆడేవారికి ఎందుకని ఒక దాత అడిగారు. పాతపట్నం వాళ్ళు ఇచ్చిన విరాళాలూ ఇదే ఖాతాలో ఉన్నాయి. మ్యాటు మీద అందరూ కలిసే పడుతున్నారు, కలిసే లేస్తున్నారు. వచ్చే ఏడాది కూడా ఇదే పద్ధతి కొనసాగిస్తాం.

మంచు సంచులు, క్రేప్ బ్యాండేజీలు, నొప్పి స్ప్రేలకు రూ. 2,760. సాధనలో చీలమండ బెణికిన ఒక అబ్బాయికి ఎక్స్‌రే, కట్టు, మందులకు రూ. 1,850, ఎముక విరగలేదు, అబ్బాయి పూర్తిగా కోలుకుని తిరిగి వస్తున్నాడు. రసీదు పుస్తకాలకు, తెలుగు ఒడియా భాషల్లో కరపత్రాలకు, బ్యాంకు ఛార్జీలకు రూ. 1,290.

బెల్టు పరీక్షల రుసుము ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. ఆ డబ్బు తల్లిదండ్రులు నేరుగా పరీక్ష నిర్వహించేవారికే కట్టి రసీదు తీసుకుంటారు, కమిటీ చేతుల మీదుగా నడవదు. కుక్కివాన్ (నల్ల బెల్టు స్థాయిని ధ్రువీకరించే కొరియా కేంద్ర సంస్థ) ధ్రువపత్రం కోసం ఎవరైనా కమిటీ పేరు చెప్పి డబ్బు అడిగితే ఇవ్వవద్దు. పదిహేను ఏళ్ళ లోపు పిల్లలకు నల్ల బెల్టు స్థాయిలో ఇచ్చేది పూమ్ అని, డాన్ అనే అసలు నల్ల బెల్టు అర్హత ఆ వయసు నిండాకే అని కూడా తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. చిన్నపిల్లలకు త్వరగా నల్ల బెల్టు ఇప్పిస్తామనే మాటలు నమ్మవద్దు.

మొత్తం ఖర్చు రూ. 2,14,130. ఇందులో మ్యాట్లకు, కవచాలకే రూ. 93,480 పోయింది, అంటే నూటికి దాదాపు 44 రూపాయలు. జమలోంచి ఖర్చు తీసివేయగా ముగింపు నిల్వ రూ. 9,232, బ్యాంకులో రూ. 8,082, కోశాధికారి వద్ద నగదు రూ. 1,150 ఉన్నాయి. వేసవి విరామం తరువాత జూన్‌లో శిక్షణ మొదలైనప్పుడు రెండు నెలల వేతనాలకు ఈ నిల్వను అట్టేపెడుతున్నాం.

బిల్లులు, ఓచర్లు, రసీదు నకళ్ళు, బ్యాంకు పుస్తకం ప్రతి ఆదివారం ఉదయం సాధన సమయంలో గోదాములో చూడవచ్చు. తన పేరు, మొత్తం సరిగా నమోదు కాలేదని భావించిన దాత జూన్ 15 లోగా రసీదుతో వచ్చి చెబితే పుస్తకంలో సరిచూసి అక్కడే సంతకం పెట్టి ఇస్తాం. చందా బాకీ ఉన్న కుటుంబాలు తమకు వీలైన వాయిదాల్లో కట్టవచ్చు. దానికోసం ఎవరి ఇంటికీ మనిషిని పంపం.