లిస్టును బట్టీ పట్టిస్తే ఏం లాభం?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది చదువుతున్న మా మేనకోడలు సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు తను రాసిన ల్యాబ్ రికార్డు చూశాను. విలువలను వరసగా దాచుకునే లిస్టుకూ, అలాంటిదే అయినా ఒకసారి తయారయ్యాక మార్చలేని టపుల్‌కూ తేడాలు ఎర్ర స్కెచ్‌తో గడులు గీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. పరీక్షలోనూ అదే అడుగుతారట. సరే అని 35, 20, 25, 60 అనే నాలుగు మార్కులు లిస్టులో పెట్టించి, ఫర్ లూప్‌లో, అంటే ఒకే పనిని వరసగా అన్నిటి మీదా చేయించే ఆదేశంతో, ఒక్కోటీ చూస్తూ 35 కంటే తక్కువున్నవి రిమూవ్ చేయమన్నాను. 20 పోయింది, 25 మాత్రం అలాగే ఉంది. మూడుసార్లు రన్ చేసినా అదే జవాబు. "మావయ్యా, పైథాన్‌లోనే తప్పుందేమో" అంది, పాపం టెన్షన్ పడిపోయి.

వంటింట్లోంచి నాలుగు చింతపిక్కలు తెచ్చి నేల మీద వరసగా పేర్చాను. లూప్ అంటే నీ వేలు, ఒక్కో స్థానం మీద పెడుతూ వెళ్లు అన్నాను. రెండో పిక్క తీసేసి, వెనకవాటిని ఒక్కో చోటు ముందుకు జరిపాం. వేలు మూడో స్థానానికి వెళ్లేసరికి అక్కడున్నది 60, ఎందుకంటే 25 అప్పటికే వేలు దాటేసిన రెండో స్థానంలోకి వచ్చేసింది. "అయితే పాసైనవి వేరే కొత్త లిస్టులో వేసుకుంటే సరిపోతుంది కదా!" అని తనే అనేసింది. లక్ష అంశాలున్న లిస్టు మొదట్లో ఒకటి చేర్చాలంటే ఎందుకు ఆలస్యమో, చివర చేర్చడం ఎందుకు తేలికో కూడా ఆ పిక్కలతోనే అర్థమైంది, మొదట్లో పెట్టాలంటే అన్నిటినీ వెనక్కి జరపాలి మరి.

ఇంకోటి, ఎ అనే పేరున్న లిస్టు ఉండగా బి = ఎ అని రాస్తే రెండో లిస్టు తయారవుతుందనే అనుకుంటోంది తను. కానీ ఇంట్లో చిన్నీ, బడిలో శ్రావణి అని పిలిచినా పిల్ల ఒక్కతే కదా, ఇదీ అంతే. బి లో ఒకటి చెరిపితే ఎ లోనూ పోతుంది, విడిగా కావాలంటే కాపీ చేసుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తవాళ్లు ఈ ఒక్క పొరపాటుతో రాత్రుళ్లు కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను.

తప్పు లెక్చరర్లదని అనను, పేపర్ ఎలా ఉంటే పాఠం అలాగే నడుస్తుంది. అందుకే ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలను వేడుకుంటున్నాను: తేడాలు రాయమనే ప్రశ్న తీసేసి, ఐదు లైన్ల కోడ్ ఇచ్చి ఏం ప్రింటవుతుందో, ఎందుకో అడగండి.

– ఒక ప్రోగ్రామర్, విజయనగరం