త్సో మోరీరీ గట్టున బళ్ళు ఆపించండి: లద్దాఖ్ పర్యాటక అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నిమ్ము దగ్గర జంస్కార్ నది లోయను చీల్చుకొచ్చి సింధులో కలిసే చోట రెండు రంగుల నీళ్ళు కాసేపు పక్కపక్కనే నడుస్తాయి. పుగాలో గడ్డకట్టే చలిలోనూ వేడినీటి ఊటలు సలసల కాగుతూ గంధకం వాసన వేస్తాయి. ఇవన్నీ చూసి త్సో మోరీరీ చేరాను. దాదాపు 4,500 మీటర్ల ఎత్తు, చిత్తడి నేలల్ని కాపాడే అంతర్జాతీయ ఒప్పందమైన రామ్‌సర్ కింద 2002లో గుర్తింపు పొందిన సరస్సు.

అక్కడే మనసు విరిగింది. ఒక టాక్సీ తడి పచ్చికలోకి దిగి, చక్రాలు కూరుకుపోయి, బురద చిమ్ముతూ బయటపడింది. కాస్త దూరంలో నల్లమెడ కొంగల జంట తలలెత్తి చూస్తోంది. అవి గూడు కట్టేది ఈ చిత్తడిలోనే. ఇంత ఎత్తున పచ్చిక ఒకసారి చితికితే మళ్ళీ మొలవడానికి ఏళ్ళు పడుతుంది.

బళ్ళను కోర్జోక్ ఊళ్ళోనే ఆపించండి. చిత్తడి అంచున రాళ్ళు వరసగా పేర్పించినా చాలు. మిగతా దూరం నడుస్తాం. లేహ్‌లో కొన్ని రోజులు ఆగి ఎత్తుకు ఒంటిని అలవాటు చేసుకున్నవాళ్ళకు ఆ నడక కష్టమేం కాదు. వచ్చే వేసవిలో కొంగలు గూళ్ళు కట్టకముందే ఈ పని చేయించండి.

ఇట్లు,
ఒక యాత్రికురాలు