బ్యాటరీ మార్చకు, ముందు కొలిచి చూడు

విజయవాడ, సింగ్‌నగర్

అమ్మలూ,

నువ్వు ఫోన్లో చెప్పిన అంకెలు రెండూ రాసుకుని చూశాను. పొద్దున నీ టూవీలర్ తియ్యకముందు బ్యాటరీ దగ్గర 12.1 వోల్టులు, ఇంజిన్ నడుస్తుండగా యాక్సిలరేటర్ ఇస్తే 12.9. ఆ రెండో అంకె చూశాక ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఇప్పుడు ఇంకో బ్యాటరీ కొన్నా దానికీ ఇదే గతి పడుతుంది. షాపతను మార్చెయ్యమన్నాడని డబ్బు కట్టి రాకు. రాత్రిపూట కాజా టోల్‌గేట్ దాటాక బండి ఆగి సెల్ఫ్ అందుకోలేదని విన్నప్పట్నుంచి మీ అమ్మకు సరిగా నిద్ర పట్టడం లేదు, నాకూ అంతే. అందుకే ఫోన్లో కాకుండా కాగితం మీద రాస్తున్నాను. బండి పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చూసుకో.

ముందు 12.1 సంగతి. మన బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి, ఒక్కోటి దాదాపు 2.1 వోల్టులు. నిండా ఛార్జయి కొన్ని గంటలు ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.8 దాకా చూపించాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు, 12 అంటే పావు వంతు. నీ బ్యాటరీకి రోజూ సగం కూడా లేకుండా తెల్లారుతోందన్నమాట. అలా అరకొరగా ఉంచితే పలకల మీద సల్ఫేట్ గడ్డకట్టి, ఆ తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పట్టదు. పైగా మన ఎండలు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే వేడికి సీటు కింద పెట్టెలో ఉన్న బ్యాటరీ ఎంత ఉడుకుతుందో ఆలోచించు. వేడి పెరిగేకొద్దీ దాని ఆయుష్షు తరిగిపోతుంది. అదే మీటరు 10.5 దగ్గర ఆగి ఉంటే, ఒక సెల్ చచ్చిపోయింది, మార్చేయమని నేనే చెప్పేవాణ్ణి.

రోజూ గుంటూరులో బ్రాడీపేట నుంచి లక్ష్మీపురం దాకానే కదా, అంత దగ్గరి ప్రయాణానికి ఛార్జింగ్ ఎక్కదని మీ ఆఫీసులో ఎవరో అన్నారన్నావు. అదీ నిజమే. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ మోటారు పదుల యాంపియర్లు లాగుతుంది, పది నిమిషాల ట్రాఫిక్‌లో అది తిరిగి నిండదు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన టూవీలర్లకు హెడ్‌లైట్ ఆపే వీలు కూడా లేదు. 35 వాట్ల బల్బు ఒక్కటే మూడు యాంపియర్ల దాకా తినేస్తుంది. కానీ నువ్వు ప్రతి శనివారం హైవే మీద ఇంటికొచ్చి మళ్లీ వెళ్తున్నావు. దగ్గరి ప్రయాణాలే కారణమైతే ఆ రాకపోకల్లో బ్యాటరీ నిండి, సోమవారం పొద్దున 12.6 అయినా ఉండాలి. లేదు కదా. అంటే బ్యాటరీకి కరెంటు సరిగా అందడం లేదు.

మంచి బండి అయితే యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర 13.8 నుంచి 14.5 దాకా రావాలి. 15 దాటితే అది వేరే జబ్బు, రెగ్యులేటర్ అదుపు తప్పి బ్యాటరీని ఉడకబెడుతున్నట్టు. నీకు 12.9 దగ్గరే ఆగిపోతోంది. ఇంజిన్ లోపల కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్, దాన్ని బ్యాటరీకి సరిపడేలా అదుపుచేసే సీటు కింది రెగ్యులేటర్, ఆ రెండిటి మధ్య, అక్కణ్ణుంచి బ్యాటరీ దాకా ఉన్న వైర్లు, వాటిని కలిపే ప్లాస్టిక్ కప్లర్లు. లోపం వీటిలోనే ఉంది. నా అనుమానమంతా కప్లర్ల మీదే. 2024 సెప్టెంబరులో బుడమేరు మన వీధిని ముంచినప్పుడు ఈ బండి సీటు దాకా నీళ్లలో నానింది. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్తే వెంటనే తెలిసిపోతుంది, కప్లర్లలోకి దిగిన బురదనీళ్ల సంగతి అలా కాదు. నెలల తరబడి పిన్నులను తింటూ చిలుం పట్టిస్తాయి. చిలుం పట్టిన చోట కరెంటు అడ్డుపడి వేడెక్కుతుంది, ఆ వేడికి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది.

ఇక్కడ ఒక విషయం బాగా అర్థం చేసుకో. రెగ్యులేటర్ తన దగ్గర 14 వోల్టులు చూసుకుని బ్యాటరీకి కూడా అంతే అందుతోందనుకుని కరెంటును అక్కడే ఆపుతుంది. దారిలో ఒక వోల్టు పోయిందని దానికి తెలియదు. లాకుల దగ్గర కాలవ నిండుగా పారుతున్నా చివరి భూములకు తడి అందనట్టే ఉంటుంది బ్యాటరీ పరిస్థితి.

ఈ వారం ఇంటికి రాకుండా, ఆదివారం పొద్దున చల్లగా ఉండగానే మొదలుపెట్టు. సీటు తీసి, నేనిచ్చిన మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టు. ఇంజిన్ ఆన్ చేసి యాక్సిలరేటర్ కాస్త ఇచ్చి ఉంచమని మీ రూమ్మేట్‌కి చెప్పు. మీటరు ఒక సూది రెగ్యులేటర్ నుంచి వచ్చే ఎర్ర వైరు కప్లర్ వెనక గుచ్చు, ఇంకోటి బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టు. 0.2, మహా అయితే 0.3 చూపించాలి. ఒక వోల్టు చూపించిందా, దొంగ దొరికినట్టే. అలాగే రెగ్యులేటర్ ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కూడా చూడు. చాలామంది ఎర్ర వైరే చూసి ఎర్త్‌ని వదిలేస్తారు. గ్యారేజీలో ఉన్నన్నాళ్లూ నాకు ఎక్కువ పని పెట్టింది ఎర్తే.

తేడా కనిపిస్తే ఇంజిన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ ముందు విప్పు. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ ఛాసిస్‌కి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. కప్లర్ ఊడదీసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ పెట్టు. పిన్ను నల్లగా మాడి ఉంటే మాత్రం రుద్దొద్దు, ఆ కప్లర్ మార్చాల్సిందే.

ఎక్కడా తేడా లేకపోతే స్టేటర్ చూడాలి. నీ బండికి ఇంజిన్ నుంచి మూడు పసుపు వైర్లు పైకొస్తాయి. ఆ కప్లర్ ఊడదీసి, మీటరు ఏసీ మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా రెండేసి వైర్ల మధ్య కొలువు. మూడు జతల్లోనూ ఒకే అంకె రావాలి, యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ పెరగాలి. ఒక జతలో తక్కువొస్తే కాయిల్ పోయినట్టు. అంకెలు మూడూ సరిగ్గా ఉండి, వైర్లలోనూ లోపం లేకపోతే ఇక మిగిలింది రెగ్యులేటరే. చేత్తో మాత్రం పిన్నులు ముట్టుకోకు తల్లీ, అక్కడ వోల్టేజీ పదుల్లో ఉంటుంది.

బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీలోంచి కరెంటు కారిపోతోందేమో, ఆ లీకేజీ కూడా ఓసారి చూసెయ్. తాళంచెవి తీసేసి, విప్పిన నెగటివ్ వైరుకూ బ్యాటరీకీ మధ్య మీటరును ముందు 10 యాంపియర్ల మీద, తర్వాత మిల్లీయాంపియర్ల మీద పెట్టు. రెండు మూడు మిల్లీయాంపియర్లు మించకపోతే బెంగ లేదు. మీటరు అలా ఉండగా తాళం తిప్పడం, సెల్ఫ్ కొట్టడం చెయ్యకు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఇదంతా అయ్యాక బ్యాటరీని బయటికి తీసి నెమ్మదిగా ఛార్జ్ చేయించు. నీది 5 యాంపియర్ అవర్లది, అర యాంపియర్‌తో పది పన్నెండు గంటలు పెట్టాలి. కారు ఛార్జర్‌తో గంటలో నింపేస్తానని ఎవరన్నా అంటే ఒప్పుకోకు. హాస్టల్ గదిలో తలుపులేసి కూడా పెట్టొద్దు, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. ఒక రాత్రంతా వైర్లు తగిలించకుండా ఉంచి పొద్దున కొలువు. 12.5 పైన నిలబడితే బ్యాటరీ బాగున్నట్టే. తర్వాత బండికి బిగించి, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకు దిగుతుందో చూడు. 9.6 కంటే కిందికి పడితే మాత్రం అది అలిసిపోయింది, అప్పుడు మార్చుకుందాం. కానీ వైరింగు సరిచేశాకే.

ఇదంతా తేలేదాకా చీకటి పడ్డాక హైవే ఎక్కకు. బండికి కిక్కు ఉంది కాబట్టి పగలు ఫర్వాలేదు.

అంకెలన్నీ వరసగా రాసి ఫొటో తీసి పంపు, ఏ రెండు వైర్ల మధ్య ఎంతొచ్చిందో పక్కనే రాయి. కాయిల్ అని తేలితే శనివారం మధ్యాహ్నానికే బయల్దేరి వచ్చెయ్. ఆటోనగర్లో చుట్టేవాళ్లు నాకు తెలుసు, సోమవారం నేనే దగ్గరుండి చుట్టించి బండి గుంటూరు తెచ్చిస్తాను. రెగ్యులేటర్ అయితే మోడల్, సంవత్సరం ఆర్సీలో చూసి చెప్పు, కొని ఉంచుతాను.

నాన్న