ముందు కాపీ, ఆ తర్వాతే రిపేరు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో, హార్డ్ డిస్క్ తెరుచుకోకపోతే ఏం చెయ్యాలో చెబుతూ ఐదు చిట్కాలు వేశారు. మొదటిది విండోస్‌లో ఉండే రిపేరు ప్రోగ్రాం చెక్‌డిస్క్ రన్ చెయ్యమని, రెండోది రికవరీ సాఫ్ట్‌వేర్ దించుకుని ఆ డిస్క్‌ని స్కాన్ చెయ్యమని. చదువుతుంటే నాకు గుండె గుభేలుమంది. సరిగ్గా ఆ రెండు పనులే, ఆ వరసలోనే, మూడు నెలల కిందట మా తమ్ముడు చేశాడు. ఏమైందో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదే అయింది, ఓపిగ్గా చదవండి.

నేను పంతొమ్మిదేళ్లుగా ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. తమ్ముడు వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. ఆకుల అడుగున ఉండే పత్రరంధ్రాలను మైక్రోస్కోప్ కింద ఫోటోలు తీసి లెక్కపెట్టడం వాడి పని. నాలుగేళ్ల ఫోటోలు, పదకొండు వేల పైచిలుకు, ఒక 500 జీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉన్నాయి. థీసిస్ రాసుకున్న ఫైళ్లకు నాలుగు చోట్ల కాపీలున్నాయి. ఫోటోలకు మాత్రం లేవు. ఒక్కోటి నాలుగు ఎంబీ, అన్నీ ఎక్కడ పెడతాంలే, చివర్లో చూద్దాం అనుకున్నాడు.

మొదట ఫోల్డర్ తెరవడానికి నిమిషం పట్టడం మొదలైంది. తర్వాత కొన్ని ఫోటోలు సగం వరకే కనిపించేవి. ఒకరోజు డిస్క్ పెట్టగానే, దీన్ని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని కంప్యూటర్ అడిగింది. వద్దన్నాడు, అంతవరకు మంచిదే. ఆ రాత్రి ఎక్కడో చదివి చెక్‌డిస్క్ నడిపాడు. పొద్దున్నే నాకు ఫోన్. "అక్కా, మొన్నటిదాకా కనిపించిన ఫోల్డర్లు కూడా ఇప్పుడు కనిపించట్లేదే!" అన్నాడు. గొంతు వణుకుతోంది. డిస్క్ వైరు పీకేసి, ముట్టుకోకుండా అలాగే తీసుకురమ్మన్నాను.

చెక్‌డిస్క్ చెడ్డ ప్రోగ్రాం అని నేను అనడం లేదు. డిస్క్ బాగుండి, కరెంటు పోవడం వల్లో, వైరు మధ్యలో లాగెయ్యడం వల్లో లెక్కలు తారుమారైతే సరిచెయ్యడానికి అది ఉంది. దాని పని ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఏ ఫైల్ డిస్క్‌లో ఎక్కడ ఉందో రాసి ఉంచే పట్టికలను, పొందికగా ఉంచడం, మీ ఫైళ్లను కాపాడడం కాదు. డిస్కే చదవలేకపోతుంటే, చదవలేని ప్రతి పట్టికనీ అది పాడైపోయినదిగా లెక్కగట్టి కొట్టేస్తుంది. తమ్ముడి లాప్‌టాప్‌లో ఆ రాత్రి లాగ్ తెరిచి చూశాను. ఫలానా నంబరు ఫైల్ రికార్డు పాడైంది, తొలగిస్తున్నాం అని ఒకటే వరసలు. స్క్రోల్ చేస్తూ ఉంటే తరగట్లేదు. ఒక్కో వరసా ఒక్కో ఫోటో అడ్రసు. వాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు, నేను ఏమీ అనలేదు.

పైగా దానికి బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్ మీద పాడైన చిన్న చిన్న ముక్కలు, వెతికే ఆప్షన్ పెడితే డిస్క్ మొత్తాన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు చదువుతుంది. డిస్క్‌ని చదివే, అరిగిపోయిన హెడ్డుకు అది ఎంత శ్రమో ఆలోచించండి. ఆ హెడ్డు, నిమిషానికి 5,400 సార్లు తిరిగే ప్లాటర్ అనే పళ్లెం మీద, కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన తల వెంట్రుక మందంలో అది వెయ్యో వంతు కూడా ఉండదు. అలాంటి డిస్క్ కొన ఊపిరితో ఉన్నప్పుడు దాన్ని అంతసేపు పరుగులు తీయించడం మూలిగే నక్క మీద తాటిపండు వెయ్యడమే, చివరికి మనకు ఒక్క కాపీ కూడా దక్కదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో స్కాన్ చేసినా ఇదే గొడవ. ఐదు గంటలు చదివి ఫైళ్ల పేర్లు చూపిస్తుంది, సేవ్ నొక్కాక మళ్లీ మొదటి నుంచి చదవాలి. రెండో చదువుకు డిస్క్ బతికి ఉంటుందని ఎవరు చెప్పారు?

అందుకే ఇలాంటి పనులు రోజూ చేసేవాళ్లు ముందు ఫైళ్ల జోలికి వెళ్లరు. డిస్క్ మొత్తాన్నీ, మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా, ఉన్నది ఉన్నట్టుగా ఇంకో మంచి డిస్క్ మీదికి ఒకే పెద్ద ఫైల్‌గా దించుకుంటారు. దాన్నే ఇమేజ్ తీయడం అంటారు. ఆ తర్వాత పాత డిస్క్‌ని పక్కన పెట్టేసి, ప్రయోగాలన్నీ ఆ ఇమేజ్ మీద చేస్తారు. చెయ్యి జారి ఇమేజ్ పాడైతే ఇంకో కాపీ ఉంటుంది. మీ ఐదు చిట్కాల్లో ఈ మాట ఎక్కడా లేదు.

నేను వాడింది జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ అనే ఆయన 2004 నుంచి రాస్తూ వస్తున్న ఉచిత ప్రోగ్రాం. దాదాపు ఇదే పేరుతో, మధ్యలో చిన్న గీత ఉన్న వేరే ప్రోగ్రాం కూడా ఉంది, రెండూ ఒకటి కాదు. లైవ్ లినక్స్, అంటే కంప్యూటర్‌లో ఎక్కించకుండానే నడిచే లినక్స్, ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి వాడుకోవచ్చు. సిస్టమ్‌రెస్క్యూ అనే లైవ్ లినక్స్‌లో ఇది ముందే ఉంటుంది. ఏ లినక్స్ అయినా సరే, డిస్క్ పెట్టగానే దానంతట అదే తెరిచే సదుపాయం ఆపెయ్యాలి. లేకపోతే ఫోటోల చిన్న బొమ్మలు తయారుచెయ్యడానికి అది కూడా డిస్క్‌ని గోకడం మొదలుపెడుతుంది.

మామూలు కాపీ చదవలేని చోటు తగలగానే అక్కడే కూలబడుతుంది. ఒక్క సెక్టార్ దగ్గర డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ కొన్ని సెకన్లు గడిపేస్తుంది. ఇది అలా కాదు. చదవలేకపోతే అక్కణ్నుంచి దూకి ముందుకెళ్లిపోతుంది. తేలిగ్గా వచ్చేదంతా ముందు తెచ్చేసుకుంటుంది. తర్వాత వెనక్కి వచ్చి, వదిలేసిన చోట్ల అంచులు చూస్తుంది, ఆ తర్వాత మధ్యలో మిగిలినదాన్ని సెక్టార్ సెక్టార్‌గా చదువుతుంది, చివరికి మొండికేసిన వాటిని మళ్లీ అడుగుతుంది. డిస్క్ మధ్యలో చచ్చిపోయినా తేలికైన భాగం అప్పటికే మన చేతిలో ఉంటుంది. నాకు ఇందులో బాగా నచ్చింది ఈ వరసే.

ఏది వచ్చిందో, ఏది రాలేదో మ్యాప్ ఫైల్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసుకుంటూ పోతుంది. వచ్చిన ముక్క పక్కన ప్లస్ గుర్తు, చదవలేనిదాని పక్కన మైనస్, ఇంకా ముట్టుకోనిదాని పక్కన ప్రశ్నార్థకం. ఆ ఫైల్ ఉంటే పని మధ్యలో ఆపి, డిస్క్ చల్లారనిచ్చి, మర్నాడు ఆగిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ ఫైల్ పేరు ఇవ్వడం మరిచిపోతే మళ్లీ మొదటికొస్తుంది. దయచేసి మరిచిపోకండి.

కమాండ్‌లో మూడు పేర్లు ఇవ్వాలి. మొదట పాడైన డిస్క్, తర్వాత ఇమేజ్ ఫైల్, ఆఖరున మ్యాప్ ఫైల్. ఒక డిస్క్ నుంచి నేరుగా ఇంకో డిస్క్ మీదికి కాపీ చేసేటప్పుడు ఈ వరస తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మన డిస్క్ మీద పడుతుంది, ఇక అంతే సంగతులు. అందుకే ల్యాబ్‌లో పిల్లలకు నేను ఫైల్‌గానే దించమని చెబుతాను. ఎంటర్ నొక్కే ముందు డిస్కుల సైజులు, సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకుని పైకి చదవమంటాను. ఇమేజ్ పెట్టే డిస్క్‌లో, పాత డిస్క్ సైజు మొత్తానికి సరిపడా ఖాళీ ఉండాలి, అందులో ఫోటోలు కొంచెమే ఉన్నా సరే. ఆ డిస్క్ ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్‌ని తీసుకోదు. కాపీ మధ్యలో ఆగిపోయి చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే.

తమ్ముడి డిస్క్‌ని పెట్టెలోంచి తీసి, యూఎస్‌బీ లేకుండా నేరుగా కంప్యూటర్ లోపలి సాటా వైరుకు తగిలించాను. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాలు చూస్తే 197వ నంబరు, అంటే చదవడానికి పెండింగ్‌లో ఉన్న సెక్టార్ల లెక్క, వందల్లో ఉంది. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టాను. రాత్రి తొమ్మిదికల్లా 99 శాతం దాటి వచ్చేసింది. తమ్ముడు అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు.

మిగిలిన ఆ కొంచెం రెండు రాత్రులు పట్టింది. తెరమీద ఒక గడి ఉంటుంది, ఆఖరిసారి ఏదైనా చదవగలిగి ఎంతసేపయిందో చూపిస్తుంది. ఏమీ దొరకనంతసేపూ అది పెరుగుతూ పోతుంది. పది నిమిషాలు. ఇరవై. డిస్క్ లోపల సన్నగా గీరుతున్నట్టు చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ గీరడం. ఉన్నట్టుండి ఆ గడి సున్నాకు వస్తుంది. ఎక్కడో ఒక సెక్టార్, 4,096 బైట్లు, దొరికిందన్నమాట. తమ్ముడు కుర్చీ లాక్కుని ఆ గడి ముందే కూర్చున్నాడు. అది సున్నాకు వచ్చినప్పుడల్లా నా వైపు చూసేవాడు. రెండో రాత్రి తెల్లారగట్ల, నాలుగు గంటల పాటు ఒక్కసారి కూడా సున్నాకు రాకపోయేసరికి ఆపేద్దామన్నాను. ఇంకా 7 ఎంబీ రాలేదు. 500 జీబీలో 7 ఎంబీ.

ఇక్కడితో డిస్క్‌కి సెలవిచ్చాం. ఇమేజ్‌ని ఇంకో కాపీ తీసి, దాని మీద పోయిన ఫైళ్లను వెతికే టెస్ట్‌డిస్క్ ప్రోగ్రాం నడిపాను. ఎనిమిది వేల పైచిలుకు ఫోటోలు పేర్లతో సహా వచ్చాయి. రాని సెక్టార్లు ఏ ఫోటోల్లో పడ్డాయో తెలుసుకోవడానికి, డీడీరెస్క్యూలోనే ఉన్న ఫిల్ పద్ధతితో ఆ ఖాళీల్లో ఒక గుర్తు మాట నింపి, ఫోటోలన్నిటిలో ఆ మాట వెతికాను. ఇరవై మూడు ఫోటోల్లో దొరికింది. అసలు ఇమేజ్‌లో వాటిని తెరిస్తే ఒక్కోదానిలో ఒక సన్నని నల్లగీత, అంతే. ఫోటో వెడల్పు 2,048 చుక్కలు, చుక్కకో బైట్. ఒక సెక్టార్ పోతే రెండు వరసల మేర నలుపు. పత్రరంధ్రాలు లెక్కపెట్టడానికి అది అడ్డమే కాదు.

మరి మిగతా రెండువేల ఆరువందల ఫోటోల సంగతి? అవి పోలేదు, కానీ వాటి పేర్లు పోయాయి. చెక్‌డిస్క్ తొలగించిన రికార్డులు అవే, లాగ్‌లో వరసల లెక్కతో సరిపోయింది. వాటిని క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఫోటోరెక్‌తో తీశాను. టెస్ట్‌డిస్క్ కూడా ఆయనదే. ఫోటోరెక్ పట్టికలతో పని లేకుండా, ఫైల్ మొదట్లో ఉండే గుర్తును బట్టి పట్టుకుంటుంది. అందుకే పాత పేరు తెలియదు. ఎఫ్ అనే అక్షరం పెట్టి పక్కన సెక్టార్ నంబరు వేసేస్తుంది. తమ్ముడు ఏ మొక్క, ఏ ఆకు, ఏ రోజు అన్నది మొత్తం ఫైల్ పేరులోనే రాసుకున్నాడు. ఇప్పుడు ల్యాబ్ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఒక్కో ఫోటోనీ పోల్చి చూసుకుంటున్నాడు. మూడు నెలల్లో తొమ్మిది వందలు తేల్చాడు.

డిస్క్ చేసిన నష్టం ఇరవై మూడు ఫోటోల మీద నల్లగీతలు. ఆ ఒక్క రాత్రి మేం చేసిన నష్టం రెండువేల ఆరువందలు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ తేడా.

ఇంకో రెండు మాటలు. డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంటూ ఉన్నా, అసలు తిరగకపోయినా ఈ పద్ధతి కూడా వద్దు. వెంటనే కరెంటు తీసేసి, దుమ్ములేని గదిలో డిస్క్ విప్పి హెడ్లు మార్చగలిగిన నిపుణుల దగ్గరకు తీసుకెళ్లాలి. ఇంట్లో మూత తియ్యకూడదు. మీ ఐదో చిట్కాలో చెప్పినట్టు ఫ్రీజర్‌లో కూడా పెట్టకూడదు, బయటికి తియ్యగానే ప్లాటర్ల మీద తేమ చేరుతుంది. నానోమీటర్ల సందులో నీటి బిందువు చేరితే హెడ్డు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మీ పేజీ చూసి ఈ వారం ఎందరు ఆ మొదటి చిట్కా దగ్గర వేలు పెట్టారో అని నాకు దిగులుగా ఉంది. ఈ ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వెయ్యమని కోరుతున్నాను. పాడవుతున్న డిస్క్‌ మీద ఏదీ రాయకండి, ముందు ఇమేజ్ తీసుకోండి, ఏ రిపేరైనా ఆ ఇమేజ్ కాపీ మీదే చెయ్యండి అని వేస్తే చాలు. ఇప్పటికే చెక్‌డిస్క్ మొదలుపెట్టి, అది ఇంకా నడుస్తూ ఉన్నవాళ్లకు ఏం చెప్పాలో కూడా రాయండి. ఎంత శాతం దాకా వచ్చినా సరే, ఆపెయ్యమనండి.

ఇట్లు,
ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంట్