లైసెన్స్ చేతికొస్తే తుపాకీ పట్టడం వచ్చినట్టు కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికాలో చదువుకుంటున్న మన విద్యార్థి ఒకరు కొత్తగా కొన్న వేట తుపాకీని శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడని ఆ మధ్య మన పత్రికలన్నీ రాశాయి. ఆ రోజు మా అమ్మ ఫోన్ చేసి అడిగింది: "వీసా మీద వచ్చిన పిల్లాడికి తుపాకీ ఎవరమ్మారురా?" ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. అందుకే ఈ ఉత్తరం.

స్టూడెంట్ వీసా, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ ఉండటం. తుపాకీ మోజున్న కుర్రాళ్లకు తెలిసిందల్లా ఈ ఒక్క ముక్కే. ఆన్‌లైన్‌లో లైసెన్స్ తీసుకుంటారు, దాన్ని చూపించి తుపాకీ కొంటారు. అడవి మొహం చూడరు. లైసెన్స్ గడువు తీరిన రోజు నుంచి ఆ మినహాయింపు ఉండదనీ, తుపాకీ గదిలో ఉన్నా నేరమేననీ, శిక్ష 15 ఏళ్ల జైలు దాకా ఉండొచ్చనీ వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

నేను పదకొండేళ్లుగా విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఐదేళ్లుగా స్నేహితులతో జింకల వేటకు వెళ్తున్నాను. జింక తెలంగాణకు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వాటిని వేటాడటం నేరం. కాబట్టి నేను వేటకు వెళ్తానంటే మా బంధువుల్లో కొందరు మొహం చిట్లిస్తారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడ తెల్లతోక జింకలు లెక్కకు మించి పెరిగాయి, పొలాలు మేస్తాయి, రాత్రిపూట కార్లకు అడ్డం పడతాయి. ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఎన్ని ఆడ జింకలను కొట్టొచ్చో ప్రభుత్వమే ఏటా లెక్కగట్టి అనుమతి ఇస్తుంది.

నవంబరు నాలుగో గురువారం జరిగే థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు వచ్చే శనివారం ఇక్కడ తుపాకీ వేట మొదలవుతుంది. తొమ్మిది రోజులు. ఈ ఒక్క రాష్ట్రంలోనే ఐదు లక్షల మందికి పైగా లైసెన్స్ తీసుకుంటారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి జనం ఊళ్లకు బయల్దేరినట్టు శుక్రవారం మధ్యాహ్నానికే రోడ్లు నిండిపోతాయి. పెట్రోల్ బంకు దగ్గర ఎటు చూసినా మెరిసే నారింజ రంగు కోట్లే. నడుము పైన తొడుక్కున్నదాంట్లో కనీసం సగం ఆ రంగు గానీ మెరిసే గులాబీ రంగు గానీ ఉండి తీరాలని చట్టం. ఆ తొమ్మిది రోజులు అడవి దారుల్లో వాకింగ్‌కు వెళ్లే మన కుటుంబాలు కూడా పిల్లలకు ఆ రంగు చొక్కా ఒకటి వేస్తే మంచిది.

మేం నలుగురం వెళ్తాం. ఆఫీసులో నాతో పనిచేసే ఇద్దరు అమెరికన్లు, గుంటూరు మిత్రుడు ఒకడు, నేను. రిచ్‌లాండ్ కౌంటీలో ఒక సహోద్యోగి వాళ్ల నాన్నగారి పొలం ఉంది. ఆయనకు డెబ్బై దాటాయి. మొదటి రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు వంటింట్లో కాఫీ, మావాడు తెచ్చిన పులిహోర అయ్యాక ఆ పెద్దాయన అందరి తుపాకులూ ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుంటాడు. తూటా ఉండే చోటును మూసే బోల్ట్‌ను వెనక్కి లాగుతాడు, లోపలికి టార్చి వేస్తాడు, ఆ పైన చిటికెన వేలు పెట్టి తూటా లేదని తడిమి చూస్తాడు. కొడుకు తుపాకీని కూడా అంతే. ముప్పై ఏళ్లుగా వేటాడుతున్న ఆ కొడుకు "ఇప్పుడే చూశాను నాన్నా" అంటే, "నేను చూడలేదుగా" అంటాడు.

చెట్టుకు కట్టిన మంచె ఎక్కేటప్పుడు తుపాకీ భుజాన ఉండకూడదు. తూటాలు తీసేసి, తుపాకీని కింద తాడుకు కట్టి, మనం పైకెక్కి బెల్టులన్నీ చెట్టుకు తగిలించుకున్నాకే, గొట్టం మనవైపు తిరగకుండా మెల్లగా పైకి లాక్కోవాలి. చేతులు కొంకర్లు పోయే చలిలో, చీకట్లో, ఈ పనంతా విసుగ్గానే ఉంటుంది. మొదటి ఏడాది నాకసలు తుపాకీయే ఇవ్వలేదు. ఆయన పక్కన కూర్చున్నానంతే.

ఈసారి మొదటి రోజు ఏడు దాటాక పొదల్లో ఎండుటాకుల చప్పుడైంది. గోధుమరంగు వీపు కదిలింది. గుండె గొంతులోకి వచ్చింది. వెంటనే స్కోప్‌లో, అంటే తుపాకీ మీద బిగించిన దుర్బిణిలో, చూడాలనిపిస్తుంది, కానీ చూడకూడదు. స్కోప్ ఎటు తిరిగితే తుపాకీ గొట్టం అటే తిరుగుతుంది. బైనాక్యులర్ తీశాను. జింకే. మంచి కొమ్ములున్న మగజింక. దాని వెనక వంద గజాల్లో, గట్టు మీద, నారింజ రంగు టోపీ. కాళ్లు తిమ్మిరెక్కి మా గుంటూరు మిత్రుడు మంచె దిగి నడుస్తున్నాడు. తుపాకీ ఎత్తలేదు. జింక వెళ్లిపోయింది. నా చేతుల వణుకు మాత్రం చాలాసేపు తగ్గలేదు.

గురి ఏమిటో తెలియాలి, గురికి ముందూ వెనకా ఏముందో కూడా తెలియాలి. ఇక్కడి శిక్షణలో నేర్పే నాలుగు సూత్రాల్లో ఇదొకటి. మిగతావి: ప్రతి తుపాకీలో తూటా ఉందనే అనుకోవాలి, గొట్టాన్ని ఎప్పుడూ ప్రమాదం లేని వైపే ఉంచాలి, పేల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకూడదు. చీకట్లో నీళ్ల చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేసిన దశరథుడి కథ చిన్నప్పుడే విన్నవాళ్లం మనం. ఈ సూత్రాలు మనకు చెప్పడం కష్టం కాదు.

శిక్షణ ఊరికే పోదు. 1966లో విస్కాన్సిన్‌లో లక్ష మంది వేటగాళ్లకు 44 మంది గాయపడేవారు. ఆ మరుసటి ఏడాది శిక్షణ మొదలైంది, 1980లో నారింజ రంగు తప్పనిసరి అయింది. ఇప్పుడు ఆ సంఖ్య నాలుగుకు అటూ ఇటూగా ఉంది. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారెవరికైనా ఇక్కడ మామూలు వేట లైసెన్స్ కావాలంటే శిక్షణ పూర్తి చేయాలి. ఫీజు 10 డాలర్లు, అంటే రెండు కాఫీల ఖర్చు. పాఠాలు చెప్పేవాళ్లు స్వచ్ఛందంగా వస్తారు. శిక్షణ లేకుండా కూడా ఒక రకం లైసెన్స్ దొరుకుతుంది. కానీ దానితో వేటాడాలంటే అనుభవం ఉన్నవాళ్లు చేయి చాచితే అందేంత దగ్గర ఉండాలి. ఇలాంటి లైసెన్సులు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. ఆ షరతు పట్టించుకోకుండా లైసెన్స్ కాగితాన్ని దుకాణంలో చూపించడానికి మాత్రమే వాడుకుంటున్నవాళ్లను నేను చూశాను.

నిరుడు తెలిసినవాళ్ల అబ్బాయికి వంట సామాన్లు ఇవ్వడానికి ఒక అపార్ట్‌మెంట్‌కు వెళ్లాను. నలుగురు కుర్రాళ్లు, అందరూ పాతికేళ్ల లోపువాళ్లే. సోఫా మీద ల్యాప్‌టాప్ చార్జర్ పక్కన రైఫిల్ పడి ఉంది. ఒకడు దాన్ని ఎత్తి భుజాన పెట్టి ఫొటో తీయమన్నాడు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. "లోడ్ చేసి ఉందా?" అంటే "లేదనుకుంటా అన్నా" అన్నాడు. తీసుకుని బోల్ట్ లాగాను. తూటా బయటికి దొర్లి కార్పెట్ మీద పడింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాళ్లు చెడ్డ పిల్లలు కారు. వాళ్లలో ఒక్కరికీ ఎవరూ ఏమీ నేర్పలేదు, అంతే.

కొత్తగా వచ్చే విద్యార్థులకు తానా, ఆటా లాంటి మన సంఘాలు ఏర్పాటు చేసే అవగాహన కార్యక్రమాల్లో తుపాకీ గురించి ఒక అరగంట కేటాయించాలని నా విన్నపం. వీసా చట్టం ఏమంటుందో, శిక్షణ ఎక్కడ దొరుకుతుందో, తుపాకీకి తాళం ఎలా వేయాలో, తూటాలు వేరే చోట ఎందుకు పెట్టాలో ఆ అరగంటలో చెప్పొచ్చు. పిల్లలను పంపే కన్సల్టెన్సీలు కూడా సామాన్ల జాబితాతో పాటు ఈ నాలుగు ముక్కలు రాసివ్వాలి. పిల్లలను ఇక్కడికి పంపిన తల్లిదండ్రులు ఈ ఆదివారం ఫోన్‌లో "తిన్నావా" అని అడిగాక "మీ గదిలో ఎవరి దగ్గరైనా తుపాకీ ఉందా" అని కూడా అడగండి. కోప్పడకుండా అడగండి, అప్పుడే నిజం చెబుతారు.

వేట మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్లు ముందు తెలిసినవాళ్లతో కలిసి వెళ్లండి. వచ్చే ఏడాది ఇంకో ఇద్దరు కుర్రాళ్లను తీసుకురమ్మని మా పెద్దాయన చెప్పాడు. మొదటి ఏడాది వాళ్ల చేతికి తుపాకీ ఇవ్వనని కూడా ముందే చెప్పమన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మాడిసన్, విస్కాన్సిన్