ముప్పై ఏళ్ల సీసా సంగతి

అన్నయ్యకి,

ఇక్కడ మేం ముగ్గురం కులాసా. అమ్మ కన్ను ఎలా ఉంది? అడిగితే "బానే ఉందే" అంటుంది, ఆ మాట నేను నమ్మను. నువ్వు రాయి. డ్యూటీలు మామూలే, ఈ నెల నైట్లు ఎక్కువ పడ్డాయి.

మావయ్య షష్టిపూర్తికి ముప్పై ఏళ్ల సింగిల్ మాల్ట్ విస్కీ తెమ్మంటే వద్దన్నానని నీకు కోపం వచ్చింది. "పౌండ్లలో సంపాదిస్తూ ఇంకా లెక్కలేనా" అని వదిన పక్కనుంచి అనడం కూడా వినపడింది. ఫోన్‌లో నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి రాస్తున్నాను. నా నర్సింగ్ ఫీజు కట్టింది మావయ్యే. ఆయన దగ్గర నేను పిసినారితనం చూపిస్తానా అన్నయ్యా?

స్కాట్లండ్‌లో మేముండే ఈ ఎల్గిన్ చుట్టుపక్కల దాదాపు యాభై డిస్టిలరీలున్నాయి. గాలి ఇటు తిరిగిన రోజు ఉడికిన బార్లీ వాసన మా వంటింట్లోకి కూడా వస్తుంది. విస్కీ పీపాలు దాచే గోదాముల గోడలకి నల్లటి బూజు పట్టి ఉంటుంది. పీపాల్లోంచి ఆవిరయ్యే స్పిరిట్ మీదే బతుకుతుందట అది. అలా గాల్లో కలిసేదాన్ని వీళ్లు దేవతల వాటా అంటారు. ఈ చలిలో ఏడాదికి నూటికి రెండు వంతులు పోతుంది. ముప్పై ఏళ్లు ఉంచితే సగానికి దగ్గరగా దేవతలే తాగేస్తారు. దానికి తోడు అన్నేళ్ల గోదాం ఖర్చు, అన్నేళ్లు కదలకుండా ఇరుక్కుపోయిన పెట్టుబడి. ధర పెరిగేది వీటి వల్ల. మంచి పేరున్న డిస్టిలరీల ముప్పై ఏళ్లవి చాలావరకు వెయ్యి పౌండ్ల పైమాటే, అంటే మన లక్ష దాటింది. పన్నెండేళ్లది నలభై, యాభై పౌండ్లకి వస్తుంది. ఇరవై రెట్లు ధర పెడితే ఇరవై రెట్లు రుచి వస్తుందా?

మా వార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు, బతుకంతా పీపాలు బిగించిన మనిషి. ఆయన లెక్కలో పన్నెండుకీ పద్దెనిమిదికీ మధ్యది తాగడానికి హాయి. ఆ పైన పీపా మంచిదైతే అదృష్టం, కాకపోతే చెక్క నాకినట్టే ఉంటుందట. మరీ ఎక్కువకాలం ఉంచితే ఆల్కహాల్ నలభై శాతం కంటే దిగిపోవచ్చు కూడా. అప్పుడు చట్టప్రకారం దాన్ని విస్కీ అని అమ్మడానికి కూడా లేదు. పీపాలో ఉన్నంతకాలమే దానికి వయసు. సీసాలోకి పోశాక అక్కడితో ఆగిపోతుంది. నువ్వేమో బీరువాలో పెడితే ఇంకా విలువొస్తుందంటావు. గాజువాక ఎండకి, ఆ ఉప్పు గాలికి బీరువాకే తుప్పు పడుతోంది, బిరడా ఏం నిలుస్తుంది?

అమ్మ నిన్ను అడిగిందట కదా, అక్కడ ఇదీ తాగుతోందా అని. లేదు. మీ బావ పండక్కో పబ్బానికో తాగుతారు, అదీ ఒక్క పెగ్గు. నేను ఒకసారి నాలిక మీద వేసుకుని చూశాను, గొంతు మండింది. ఈ సంగతి అమ్మకి చెప్పకు. బాబుకి తెలుగు రాదని బెంగ పెట్టుకోవద్దని మాత్రం చెప్పు, అల్లరి చేసేటప్పుడు తెలుగే మాట్లాడతాడు.

రేటు పెరిగితే అమ్ముకోవచ్చు కదా అన్నావు. నువ్వు పేపర్లో చదివింది 1926 నాటి మకాలన్ అనే విస్కీ సీసా గురించి. 2023లో లండన్ వేలంలో దాదాపు 22 లక్షల పౌండ్లు పలికింది, నిజమే. ఆ పీపా నుంచి వచ్చినవి నలభై సీసాలే. అరవై ఏళ్లు పీపాలో ఉండి 1986లో సీసాల్లోకి ఎక్కాయి. షాపులో దొరికే ముప్పై ఏళ్లదానికీ దానికీ పోలికే లేదు. పైగా మన దగ్గర లైసెన్స్ లేకుండా ఒక్క సీసా అమ్మినా నేరమే. ఈ వయసులో మావయ్య ఎక్సైజ్ వాళ్లకి సంజాయిషీ చెప్పుకోవాలా?

అయినా ఆయన ఎలా తాగుతారో నీకు తెలీదా? గ్లాసు నిండా సోడా, పక్కన వంజరం వేపుడు, మధ్యలో స్టీల్ ప్లాంట్ కబుర్లు. ముప్పై ఏళ్లదాన్ని అలా సోడాలో ముంచేస్తే ఈ ఊళ్లో వాళ్లు నన్ను వెలేస్తారు. లేదా ఆయన దాని సీలే తియ్యరు. "ఏటే, ఇంతెందుకు ఖర్చెట్టావు" అని షోకేసులో పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు. ఆయన తాగాలని నా ఆశ.

అందుకని గ్లెన్‌ఫార్క్లాస్ పదిహేనేళ్లది తెస్తాను. 1865 నుంచీ ఒకే కుటుంబం చేతిలో ఉన్న డిస్టిలరీ అది. షెర్రీ అనే ద్రాక్ష వైన్ ఉంచిన పీపాల్లో పెడతారు కాబట్టి ఎండుద్రాక్ష వాసనొస్తుంది, సోడా కలిపినా పూర్తిగా చచ్చిపోదని మీ బావ హామీ. దాని పక్కన బెంగళూరులో చేసే అమృత్ విస్కీ కూడా ఒకటి పెట్టాలని ఉంది. మన ఎండలకి అక్కడ పీపాలోంచి ఏడాదికి పది శాతం పైనే ఆవిరవుతుంది, అందుకే నాలుగైదేళ్లకే పాకానికొస్తుంది. 2004లో మొదట వాళ్లు ఇక్కడి గ్లాస్గోలోనే దాన్ని అమ్మకానికి పెట్టారు. మన సరుకు మెచ్చుకునేవాళ్లు ఈ దేశంలో ఉన్నారంటే మావయ్యకి ఎంత హుషారో! ఆ కబురుతోనే సగం రాత్రి గడిపేస్తారు. మనిషికి రెండు లీటర్ల వరకు తేవచ్చు కాబట్టి కస్టమ్స్ టెన్షన్ లేదు.

మిగిలే డబ్బు అమ్మ కంటి ఆపరేషన్‌కి పంపుతాను. నువ్వొక్కడివే మోస్తున్నావని నాకు తెలీదనుకోకు. డాక్టర్ ఏ లెన్స్ చెప్పారో కాగితం ఫోటో తీసి పంపు, సరేనా? రేపు కాదు, ఇవాళే.

మావయ్యకి ఈమధ్య షుగర్ ఎంత ఉంది? మాత్రల పేర్లు కూడా అత్తయ్యని అడిగి రాయి. అవి చూశాకే ఒక సీసానా రెండా అన్నది తేలుస్తాను. ఆయనకి మాత్రం ఇప్పుడే చెప్పకు.

వదినకి కార్డిగన్ తీసుకున్నాను, ముదురు ఆకుపచ్చ. వద్దంటే ముందే చెప్పమను, మార్చడానికి గడువుంది.

నీ చెల్లి