‘ఎంఆర్ఐ నార్మల్’ అంటే వాసన తెలుస్తోందని కాదు

సంపాదకులకు నమస్కారం.

బైకు మీంచి పడ్డాక వాసన పోయిందనే మనిషి చేతిలో ‘బ్రెయిన్ ఎంఆర్ఐ నార్మల్’ అనే రిపోర్టు ఉంటే, నటిస్తున్నాడని తేల్చేయడానికి పరిహారం ఇవ్వాల్సినవాళ్లకు అది చాలు. ఆ రిపోర్టు అసలు వాసన జోలికే పోలేదు. దెబ్బకు తెగేవి ముక్కు పైనున్న జల్లెడలాంటి ఎముక గుండా వెళ్లే సన్నని నరాల పోగులు. మామూలు స్కాన్‌లో అవి కనిపించవు. వాటిపైనుండే, ఆ పోగుల నుంచి వాసన సంకేతాలను అందుకునే ఆల్ఫాక్టరీ బల్బు 50 ఘనపు మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అంటే పెసరగింజ కన్నా కాస్త పెద్దది. 5 మిల్లీమీటర్ల మందం స్లైసుల్లో (పొరలుగా తీసే చిత్రాల్లో) అది ఇట్టే జారిపోతుంది. డాక్టరు చీటీలో ‘కరోనల్ టీ2, 1–2 మిల్లీమీటర్లు’ (ముఖానికి సమాంతరంగా తీసే పలచని స్లైసులు) అని విడిగా రాస్తే తప్ప సాధారణంగా తీయరు.

బల్బు ఉన్నంత మాత్రాన పని చేస్తున్నట్టు కాదు కదా. అది చూడటానికి, మెదడులో ఏ భాగం స్పందిస్తోందో చూపే ఫంక్షనల్ ఎంఆర్ఐ ఉంది. అందులో అసలు కష్టం యంత్రంతో కాదు, గాలితో. ముక్కులోకి ఆగకుండా పోయే గాలిలోనే వాసన కలపాలి. ఉఫ్‌మని ఊదితే ఆ తాకిడికే మెదడు స్పందిస్తుంది. గొట్టాలు టెఫ్లాన్‌వి కావాలి, రబ్బరైతే పాత వాసనను పట్టుకుని వదలదు. వెనిలిన్‌గానీ, గులాబీ వాసననిచ్చే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌గానీ వాడాలి. మెంథాల్, అమ్మోనియా పనికిరావు. వాటి చల్లదనం, ఘాటు ముఖంలో స్పర్శను తెలిపే ట్రైజెమినల్ నరానికి తగులుతాయి కాబట్టి వాసన బొత్తిగా తెలియనివారిలోనూ స్కాన్‌లో మెదడు వెలుగుతుంది. ఒకే వాసన సాగదీస్తే మెదడులో వాసనను గ్రహించే పిరిఫార్మ్ కార్టెక్స్ కాసేపట్లోనే అలవాటుపడి ఊరుకుంటుంది. అందుకే కాసేపు వాసన, కాసేపు శుభ్రమైన గాలి. శ్వాసనూ నమోదు చేయాలి, ఎందుకంటే ఉత్త గాలి పీల్చినా ఆ ప్రాంతం కదులుతుందని 1998లోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. పైగా వాసనను పోల్చుకోవడంలో పాలుపంచుకునే, కంటిగూళ్లకు పైనుండే ఆర్బిటోఫ్రాంటల్ భాగం సరిగ్గా సైనస్‌ల గాలి మీదే ఉంటుంది. గాలీ ఎముకా కలిసేచోట సిగ్నల్ చెదిరిపోతుంది. అక్కడి ఖాళీని ‘స్పందన లేదు’ అని చదివితే తప్పే.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, పదిమంది సగటులో స్పష్టంగా కనిపించేది ఒక్కడిలో కనిపించకపోవచ్చు. కాబట్టి ఇది ఇంకా సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష కాదు. వివాదాల్లో ఈఈజీతో (తలపై అతికించిన తీగలతో మెదడు విద్యుత్తును కొలిచే పరీక్షతో) తీసే ఘ్రాణ ప్రేరిత తరంగాలు, అంటే వాసన తగలగానే మెదడులో పుట్టే తరంగాలు, కొంత నయం. వెచ్చని తేమగాలిలో వాసన 20 మిల్లీసెకన్లలోపే పూర్తి తీవ్రతకు చేరాలి, ఒకసారి వాసన ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి మధ్య కనీసం అరనిమిషం విరామం ఉండాలి. తరంగం వస్తే వాసన మెదడుకు చేరినట్టే. రాకపోతే మాత్రం పోయిందని రుజువైనట్టు కాదు.

వాసన చూపించి అడిగే పరీక్షలను ‘రోగి నోటిమాట’ అని తీసిపారేయకూడదు. అయితే అమెరికాలో తయారైన 40 వాసనల పరీక్ష పుస్తకంలో రూట్ బీర్ అనే అక్కడి శీతలపానీయం వాసన ఉంటుంది. గుంటూరు మనిషి దాన్ని గుర్తుపట్టకపోతే లోపం ముక్కుది కాదు. ఇంగువ, యాలకులు, మల్లెలతో మన ప్రమాణాలు సిద్ధం చేసుకోవాలి.

ఇప్పటికిప్పుడు రేడియాలజిస్టులు చేయగలిగింది ఒకటుంది. తలదెబ్బ రిపోర్టులో స్లైసు మందమెంతో, ఆల్ఫాక్టరీ బల్బులు కనిపించాయో లేదో ఒక్క వాక్యం రాయాలి.

– ఈఎన్‌టీ వైద్యులు, గుంటూరు